డార్క్ మ్యాటర్ క్షయమవుతోందో లేదో గామా కిరణాలు ఎలా చెబుతాయి?

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. వెలుగే ఇవ్వని డార్క్ మ్యాటర్ క్షయమవుతోందో లేదో, అంటే దాని కణాలు వాటంతటవే వేరే కణాలుగా విడిపోతున్నాయో లేదో, గామా కిరణాల (అత్యధిక శక్తి ఉన్న కాంతి) టెలిస్కోపు ఎలా పసిగడుతుందన్నది ఒకటి. ఏమీ కనబడకపోతే సిద్ధాంతం రాసినవాళ్లు కణం జీవితకాలాన్ని ఇంకాస్త పెంచి తప్పించుకోవచ్చు కదా, మరి అది పరీక్ష ఎలా అవుతుందన్నది రెండోది. నాకు రెండోదే అసలు ప్రశ్న అనిపించింది. గామా కిరణాలను కొలిచే ఫెర్మీ ఉపగ్రహం డేటాతో చాలా కాలంగా పని చేస్తున్నాను, కాబట్టి జవాబు కాస్త పొడవుగానే ఉంటుంది.

ముందు సూటిగా చెబుతాను. పరీక్షించవచ్చు. ఇప్పటికే పేరున్న సిద్ధాంతాలు కొన్ని ఈ పరీక్షలో పోయాయి కూడా. కాకపోతే "డార్క్ మ్యాటర్ క్షయం కాదు" అని గామా కిరణాలు ఎప్పటికీ తేల్చలేవు. ఇంత బరువున్న కణం ఫలానా కణాలుగా విడిపోయేదైతే దాని సగటు జీవితకాలం కనీసం ఇంత ఉండి తీరాలి, అని మాత్రమే చెప్పగలవు. ఆ కనీస హద్దు ఈరోజు చాలా బరువులకు 10²⁷ నుంచి 10²⁸ సెకన్ల దగ్గర ఉంది. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు, అంటే సుమారు 4×10¹⁷ సెకన్లు. కొన్ని వందల కోట్ల విశ్వాల వయసును కలిపితే వచ్చేంత జీవితకాలం గురించి మనం మాట్లాడుతున్నామన్నమాట.

అంత పొడవైన కాలాన్ని కొలవడం ఎలా అన్న అనుమానం వెంటనే వస్తుంది. ఒక్క కణం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే అసాధ్యమే. కానీ పాలపుంత చుట్టూ ఉన్న డార్క్ మ్యాటర్ బరువు దాదాపు సూర్యుడి బరువుకు లక్ష కోట్ల రెట్లు. ఒక్కో కణం బరువు 1 టీఈవీ అనుకుందాం, అంటే ప్రోటాన్‌కు సుమారు వెయ్యి రెట్లు. (కణాల బరువును, శక్తిని ఒకే ప్రమాణంలో చెబుతాం: ఒక జీఈవీ దాదాపు ఒక ప్రోటాన్ బరువు, వెయ్యి జీఈవీలు ఒక టీఈవీ.) అప్పుడు మొత్తం కణాలు 10⁶⁶ దాకా ఉంటాయి. జీవితకాలం 10²⁷ సెకన్లంత పొడవైనా, ప్రతి సెకనుకూ 10³⁹ కణాలు విడిపోతుండాలి. వాటి వెలుగులో మన దగ్గరకు చేరేది చాలా కొంచెం. అయినా ఒక్కో క్షయానికి ఒక్క గామా ఫోటాన్ వచ్చినా, ఫెర్మీ మీద ఉన్న లాట్ అనే డిటెక్టర్‌కు ఏడాదికి కొన్ని వందల ఫోటాన్లు తగలాలి. సూర్యుడి దగ్గర డార్క్ మ్యాటర్ సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 0.4 జీఈవీ అని తీసుకుని, డిటెక్టర్ వైశాల్యం ఒక చదరపు మీటరుకు కొంచెం తక్కువ, ఒకేసారి కనబడేది ఆకాశంలో అయిదో వంతు అని వేసుకుంటే ఈ లెక్క మీరే చేసి చూసుకోవచ్చు. ఇందులో రహస్యమేమీ లేదు.

వెలుగు ఎక్కడి నుంచి వస్తుందన్నది తర్వాతి సంగతి. డార్క్ మ్యాటర్ తానుగా వెలగదు. కానీ అది విడిపోతే వచ్చేవి మనకు తెలిసిన మామూలు కణాలు. నేరుగా ఫోటాన్ పుట్టవచ్చు. అప్పుడు ఆ ఫోటాన్ శక్తి, రెండో కణం చాలా తేలికైనదైతే, డార్క్ మ్యాటర్ ద్రవ్యరాశిలో కచ్చితంగా సగం ఉంటుంది. స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ శక్తి దగ్గర ఎంత కాంతి ఉందో చూపే గ్రాఫ్‌లో, ఒక సన్నటి గీతలా కనబడాలి. క్వార్కులుగా (ప్రోటాన్ల లోపల ఉండే కణాలు) విడిపోతే వాటి నుంచి పయాన్లు అనే అల్పాయుష్షు కణాలు పుడతాయి, తటస్థ పయాన్లు రెండేసి గామా ఫోటాన్లుగా మారతాయి. ఇది గీతలా కాకుండా వెడల్పాటి ఉబ్బులా ఉంటుంది, దాని శిఖరం కణం ద్రవ్యరాశి కంటే కొన్ని పదుల రెట్లు తక్కువ శక్తి దగ్గర వస్తుంది.

చాలామంది మరిచిపోయేది మూడో దారి. ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లుగా (ఎలక్ట్రాన్ల ప్రతికణాలు) విడిపోయినా గామా కిరణాలు వస్తాయి. 1 టీఈవీ శక్తి ఉన్న ఎలక్ట్రాన్ విశ్వమంతా నిండి ఉన్న మైక్రోవేవ్ నేపథ్య కిరణాల ఫోటాన్‌ను గుద్దితే, ఆ ఫోటాన్ ఎగిరి 3 జీఈవీ దగ్గరకు వస్తుంది. ఫెర్మీ బాగా చూడగలిగే శక్తి సరిగ్గా అక్కడే ఉంది. మైక్రోవేవ్ నేపథ్యం లేని చోటు విశ్వంలో లేదు కాబట్టి, ఎలక్ట్రాన్లు గెలాక్సీకి ఎంత దూరంలో పుట్టినా ఈ వెలుగును దాచుకోలేవు.

ఇక మీ రెండో ప్రశ్న, జీవితకాలం పెంచి తప్పించుకోవడం గురించి.

ఏ కారణమూ చెప్పకుండా "జీవితకాలం ఇంత" అని రాసిన మోడల్‌ను నిజంగానే పట్టుకోలేం. అలాంటివి నాకు ఆసక్తి కలిగించవు కూడా. కానీ మంచి సిద్ధాంతాల్లో జీవితకాలం చేత్తో పెట్టిన అంకె కాదు, ఇంకో చోటి నుంచి వచ్చి పడుతుంది. ప్రకృతిలోని విద్యుదయస్కాంత, బలహీన, బలమైన బలాలు చాలా ఎక్కువ శక్తి దగ్గర ఒకటేనని చెప్పే గ్రాండ్ యూనిఫికేషన్ సిద్ధాంతాలనే తీసుకోండి. ప్రోటాన్‌ను కాపాడే సౌష్ఠవం పూర్తిగా కచ్చితమైనది కాదని, 10¹⁶ జీఈవీ స్థాయిలో ఉండే భారీ కణాల వల్ల ఎప్పుడో ఒకప్పుడు ప్రోటాన్ కూడా విడిపోవచ్చని అవి అంటాయి. అదే తర్కం డార్క్ మ్యాటర్‌కు పెడితే, 1 టీఈవీ కణానికి వచ్చే జీవితకాలం 10²⁷ సెకన్ల చుట్టుపక్కల పడుతుంది. అంటే మన టెలిస్కోపులు ఇప్పుడు ముట్టుకుంటున్న చోటే. ఈ లెక్క 2008 ప్రాంతంలో వచ్చినప్పుడు ఈ రంగంలో అంత ఉత్సాహం రేగడానికి కారణం ఇదే.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఆ జీవితకాలం ద్రవ్యరాశి అయిదో ఘాతం మీద ఆధారపడుతుంది. కణం బరువు పది రెట్లు పెంచితే జీవితకాలం లక్ష రెట్లు తగ్గిపోతుంది. కాబట్టి 10 టీఈవీ కణానికి అదే సిద్ధాంతం 10²² సెకన్ల స్థాయి చెప్పాలి. దాన్ని డేటా ఎప్పుడో కొట్టివేసింది. తప్పించుకోవాలంటే యూనిఫికేషన్ శక్తి స్థాయినే పైకి జరపాలి, జరిపితే ఆ సిద్ధాంతం అసలు దేనికోసం పుట్టిందో ఆ లెక్కలు చెదిరిపోతాయి. సిద్ధాంతాన్ని పట్టుకునేది ఈ ముడులే, ఒంటరి అంకె కాదు. గ్రావిటీనో (గురుత్వాకర్షణను మోసే కణానికి సూపర్‌సిమెట్రీ సిద్ధాంతం ఊహించిన జోడీ కణం) మోడల్స్‌లోనూ ఇంతే. గ్రావిటీనో ఒక ఫోటాన్, ఒక న్యూట్రినోగా విడిపోతుందని, జీవితకాలం 10²⁷ సెకన్ల చుట్టూ ఉండొచ్చని అన్నారు. ఫెర్మీ గీతల కోసం వెతికి, పదుల నుంచి వందల జీఈవీ దాకా ఆ దారికి 10²⁸ సెకన్ల పైనే హద్దు పెట్టింది. మిగిలిన చోటు చాలా ఇరుకు.

పరీక్షకు బలమిచ్చే ఇంకో విషయం ఆకాశంలో వెలుగు పరుచుకునే తీరు. క్షయానికి ఒక్క కణం చాలు, కాబట్టి వెలుగు సాంద్రతకు అనుపాతంలో ఉంటుంది. రెండు కణాలు ఢీకొని అంతరించిపోయే మోడల్స్‌లో అది సాంద్రత వర్గానికి అనుపాతం. ఈ చిన్న తేడా వల్ల రెండింటి బొమ్మలు పూర్తిగా మారిపోతాయి. ఢీకొనే మోడల్‌లో పాలపుంత కేంద్రం మండిపోతున్నట్టు కనబడాలి. క్షయమైతే కేంద్రం వైపు కొంత ఎక్కువ, ఎదురు వైపు కొంత తక్కువ, మధ్యలో ఎక్కడా నిటారుగా పడిపోకుండా ఆకాశమంతా నెమ్మదిగా పరుచుకున్న కాంతి ఉండాలి. కేంద్రంలో సాంద్రత ఎంత నిటారుగా పెరుగుతుందన్న పాత తగాదా క్షయం లెక్కలను పెద్దగా కదిలించదు. అందుకే ఢీకొనే మోడల్స్ హద్దుల కంటే క్షయం హద్దులను నేను ఎక్కువ నమ్ముతాను.

2009 నుంచి చర్చలో ఉన్న పాలపుంత కేంద్రం దగ్గర కొన్ని జీఈవీల శక్తిలో లెక్కకు మించి కనబడే కాంతిని క్షయంతో ఎందుకు వివరించరని కూడా కొందరు అడుగుతుంటారు. ఆ కాంతి కేంద్రం నుంచి దూరం వెళ్లేకొద్దీ చాలా వేగంగా తగ్గిపోతుంది. క్షయం వల్ల వచ్చే కాంతి అలా తగ్గడం కుదరదు. అంతటితో ఆ సంగతి ముగిసింది.

ఇక్కడి నుంచి కష్టమైన భాగం. నా సమయంలో ఎక్కువ వంతు దీనికే పోతుంది. ఆకాశమంతా నెమ్మదిగా పరుచుకున్న కాంతి అని పైన రాశాను కదా, దురదృష్టం ఏమిటంటే మిగతావన్నీ కూడా దాదాపు అలాగే పరుచుకుంటాయి. కాస్మిక్ కిరణాలు (అంతరిక్షంలో తిరిగే అధికశక్తి కణాలు) గెలాక్సీలోని వాయువును గుద్దితే గామా కిరణాలు వస్తాయి. మామూలు ఎలక్ట్రాన్లు నక్షత్రాల కాంతిని గుద్దితే వస్తాయి. 2010లో బయటపడిన ఫెర్మీ బుడగలు, అంటే గామా కాంతితో వెలిగే రెండు భారీ బుడగలు, గెలాక్సీ తలానికి పైనా కిందా సుమారు 50 డిగ్రీల దాకా లేచి ఉన్నాయి. వీటన్నిటి వెనక, విడివిడిగా మనకు కనబడనంత దూరంలో ఉన్న బ్లేజార్లు (కేంద్రంలోని కృష్ణబిలం నుంచి వెలువడే కణాల ధార మన వైపు గురిపెట్టి ఉన్న గెలాక్సీలు), ఇతర గెలాక్సీల వెలుగు కలిసిపోయి ఆకాశమంతా సమంగా ఉండే నేపథ్యం ఒకటి ఉంది.

ఆ సమమైన నేపథ్యం మీద ఒక మంచి కొలత ఉంది. 50 జీఈవీ పైన గెలాక్సీ అవతలి నుంచి వచ్చే గామా కాంతిలో సుమారు 86 శాతం బ్లేజార్లదేనని ఫెర్మీ బృందం 2016లో చూపించింది, అటూ ఇటూ పదిహేను శాతం అనిశ్చితితో. మిగిలింది ఎంత తక్కువైతే డార్క్ మ్యాటర్‌కు అంత తక్కువ చోటు. అంటే బ్లేజార్లను లెక్కపెట్టే పని, పైకి సంబంధం లేనట్టు కనిపించినా, డార్క్ మ్యాటర్ హద్దును నేరుగా గట్టి చేస్తుంది.

నేను పని చేసే పద్ధతి ఇలా ఉంటుంది. గెలాక్సీ తలానికి దగ్గరి ప్రాంతాన్ని, సాధారణంగా అటూ ఇటూ 20 డిగ్రీల దాకా, ముసుగు వేసి తీసేస్తాను. చుక్కలా కనబడే, తెలిసిన ప్రతి గామా మూలాన్నీ లెక్కలో పెడతాను. మిగిలిన ఆకాశానికి వాయువు, ఎలక్ట్రాన్ల గుద్దుళ్లు, బుడగలు, సమమైన నేపథ్యం, చివరగా డార్క్ మ్యాటర్ అన్న టెంప్లేట్లు, అంటే ఒక్కోదాని వెలుగు ఆకాశంలో ఎలా పరుచుకుంటుందో చూపే పటాలు, ఇచ్చి ఒకేసారి సరిపోలుస్తాను. తర్వాత గెలాక్సీ మోడల్ మార్చి మళ్లీ చేస్తాను, ఇంకోటి మార్చి మళ్లీ. వచ్చిన హద్దుల్లో అన్నిటికంటే బలహీనమైనదే బయట చెప్పాలన్నది నా నియమం. ఇంకో అలవాటు కూడా ఉంది, దాన్ని ఎవరు చేయకపోయినా నేను ఫలితం నమ్మను: డేటాలో కావాలని నకిలీ డార్క్ మ్యాటర్ సంకేతాన్ని కలిపి, మన పద్ధతి దాన్ని తిరిగి పట్టుకుంటుందో లేదో చూడటం. నకిలీ సంకేతం నేపథ్యం టెంప్లేట్‌లోకి జారిపోతుంటే, అసలైన సంకేతమూ అలాగే జారిపోయి ఉంటుంది. అప్పుడు "ఏమీ కనబడలేదు" అన్న మాటకు విలువ లేదు.

మా బృందంలో ఒక విద్యార్థికి తలానికి దూరంగా కొన్ని జీఈవీ దగ్గర చక్కటి ఉబ్బు కనబడింది. క్షయం ఆకారానికి బాగానే సరిపోయింది, గణాంకాల పరంగా కూడా బలంగానే ఉంది. మేము రెండు పనులు చేశాం. గెలాక్సీకి ఉత్తరాన ఉన్న ఆకాశాన్ని, దక్షిణాన ఉన్న ఆకాశాన్ని విడదీసి చూశాం. డార్క్ మ్యాటర్‌కు ఉత్తరం దక్షిణం తేడా ఉండకూడదు. ఉబ్బు ఒకవైపే ఎక్కువగా ఉంది. ఆ తర్వాత ఎలక్ట్రాన్ల టెంప్లేట్‌లో అవి గెలాక్సీ తలం నుంచి ఎంత ఎత్తుకు వెళతాయన్న అంకె మార్చాం, ఉబ్బు చాలావరకు కరిగిపోయింది. ఆ విద్యార్థి నిరాశ పడ్డాడు, నేను మాత్రం ఆ పనిని చాలా మెచ్చుకున్నాను. సంకేతం వచ్చిన రోజే దాన్ని పడగొట్టే పరీక్షలు రాసుకునేవాళ్లు ఈ రంగానికి కావాలి.

గతంలో పెద్ద ఎత్తున ఇలాంటిది జరిగింది. ఉపగ్రహం మీది నుంచి కాస్మిక్ కిరణాలను కొలిచే పమేలా ప్రయోగం 2009లో, అంతరిక్షంలో పాజిట్రాన్ల వాటా 10 జీఈవీ పైన తగ్గకుండా పెరుగుతోందని ప్రకటించింది. 2013లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీది ఏఎంఎస్-02 డిటెక్టర్ దాన్ని ఇంకా స్పష్టంగా నిర్ధారించింది. కొన్ని టీఈవీల బరువుతో, 10²⁶ సెకన్ల జీవితకాలంతో, ఎలక్ట్రాన్ల కుటుంబపు కణాలుగా విడిపోయే డార్క్ మ్యాటర్ ఉంటే ఆ పెరుగుదల చక్కగా సరిపోతుందని ఎన్నో పేపర్లు వచ్చాయి. ప్రతిప్రోటాన్లు మాత్రం ఎక్కువగా కనబడలేదు కాబట్టి క్వార్కుల దారి మూసుకుపోయింది, మిగిలింది ఎలక్ట్రాన్లు, మ్యూయాన్లు, టావుల దారి. గామా కిరణాలు నిర్ణయాత్మకంగా పని చేసింది ఇక్కడే. అన్ని ఎలక్ట్రాన్లు పుడితే మైక్రోవేవ్ నేపథ్యాన్ని గుద్ది జీఈవీ కాంతి ఇవ్వాలి అని పైన చెప్పాను కదా. ఫెర్మీ కొలిచిన సమ నేపథ్యంలో అంత చోటు లేదు. ఫోర్నాక్స్ గెలాక్సీ సమూహాన్ని నమీబియాలోని హెస్ గామా టెలిస్కోపులు చూసినప్పుడూ అదే మాట వచ్చింది. 2012 నాటికే ఈ వివరణ నిలబడలేని స్థితికి చేరింది. పాజిట్రాన్ల అధికం అబద్ధం కాదు, అది ఇప్పటికీ ఉంది. దగ్గర్లోని పల్సార్లు (వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలు) వాటిని పుట్టించవచ్చన్నది ఇప్పుడు ఎక్కువమంది మొగ్గు చూపే వివరణ. గెమింగా పల్సార్ చుట్టూ టీఈవీ కాంతి వలయాన్ని మెక్సికోలోని హాక్ గామా ప్రయోగం 2017లో చూపించడంతో, పల్సార్లు అంత శక్తివంతమైన ఎలక్ట్రాన్లను, పాజిట్రాన్లను విడుదల చేస్తాయన్నది కంటికి కనబడిన సంగతైంది.

గీతల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 2012లో 130 జీఈవీ దగ్గర ఫెర్మీ డేటాలో గీత కనబడిందన్నారు. అది గెలాక్సీ కేంద్రం చుట్టూ గుమిగూడి ఉండటం వల్ల క్షయానికి ముందే అనుకూలం కాదు. భూమి వాతావరణం అంచు నుంచి వచ్చే గామా కిరణాల్లోనూ అదే శక్తి దగ్గర చిన్న ఉబ్బు కనబడింది, అక్కడ డార్క్ మ్యాటర్‌కు పనేమీ లేదు. డేటా పెరిగేకొద్దీ గీత బలహీనపడింది. 2014లో ఎక్స్-కిరణాల్లో వచ్చిన 3.5 కేఈవీ (కేఈవీ అంటే జీఈవీలో పది లక్షో వంతు) గీత నేరుగా క్షయం కథే. 7 కేఈవీ బరువున్న స్టెరైల్ న్యూట్రినో (మామూలు న్యూట్రినోల కంటే కూడా తక్కువగా స్పందించే ఊహాత్మక కణం) విడిపోతే సరిగ్గా అక్కడే గీత రావాలి. కానీ 2016లో హిటోమీ ఎక్స్-కిరణ ఉపగ్రహం పెర్సియస్ గెలాక్సీ సమూహాన్ని అంతకుముందెన్నడూ లేనంత స్పష్టతతో చూసినా అది కనబడలేదు. 2020లో పాలపుంత డార్క్ మ్యాటర్‌ను ఖాళీ ఆకాశంలో వెతికిన పని ఇంకా గట్టి హద్దు పెట్టింది. క్షయం నిజమైతే గీత ఒక సమూహంలో ఉండి మన తల మీది ఆకాశంలో లేకుండా పోవడం కుదరదు. ఒక్క చోట కనబడిన క్షయం సంకేతానికి మిగతా అన్ని చోట్లా ఎంత కనబడాలో ముందే లెక్క కట్టవచ్చు. కొత్త ప్రకటన ఏదొచ్చినా నేను మొదట చూసేది ఇదే.

చాలా బరువైన కణాల సంగతి కొద్దిగా చెప్పి ఆపుతాను, ఎందుకంటే ఇప్పుడు కదలిక ఎక్కువగా అక్కడే ఉంది. అంటార్కిటికా మంచులో ఉన్న ఐస్‌క్యూబ్ న్యూట్రినో డిటెక్టర్ 2013లో పీఈవీ (వెయ్యి టీఈవీలు) శక్తి ఉన్న న్యూట్రినోలను ప్రకటించినప్పుడు, కొన్ని పీఈవీల బరువున్న డార్క్ మ్యాటర్ క్షయమే కారణం కావచ్చని కొందరు ప్రతిపాదించారు. న్యూట్రినోలతో పాటు గామా కిరణాలు పుట్టకుండా ఉండటం చాలా కష్టం. అయితే పీఈవీ గామా ఫోటాన్ చాలా దూరం నుంచి రావడం కుదరదు. మైక్రోవేవ్ నేపథ్యాన్ని గుద్ది ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారిపోతుంది. దాని ప్రయాణం పాలపుంత పరిమాణం స్థాయిలోనే ముగుస్తుంది. ఇది నష్టంలా కనిపిస్తుంది గానీ లాభమే. దూరపు క్షయాల శక్తి గొలుసుకట్టుగా విరిగి విరిగి జీఈవీ ఫోటాన్లుగా ఫెర్మీకి అందుతుంది. దగ్గరి క్షయాల పీఈవీ ఫోటాన్లు నేరుగా భూమి మీది పెద్ద ప్రయోగాలకు అందుతాయి. టిబెట్ ఏఎస్-గామా ప్రయోగం 2021లో దాదాపు 1 పీఈవీ దాకా గెలాక్సీ తలపు విస్తృత కాంతిని కొలిచింది. చైనాలో 4,410 మీటర్ల ఎత్తున ఉన్న లాసో ప్రయోగం 2022లో, 570 రోజుల డేటాతో, 10⁵ నుంచి 10⁹ జీఈవీ బరువుల దాకా నేరుగా క్షయం హద్దులు పెట్టింది. ఐస్‌క్యూబ్ న్యూట్రినోలన్నిటికీ క్షయమే కారణమన్న సరళమైన రూపాలు ఈ రెండు వైపుల ఒత్తిడిలో దాదాపు నలిగిపోయాయి. పైగా టీఎక్స్ఎస్ 0506+056 అనే బ్లేజార్, ఎన్‌జీసీ 1068 గెలాక్సీ, పాలపుంత తలం నుంచి న్యూట్రినోలు వస్తున్నట్టు ఐస్‌క్యూబే చూపించింది.

మీరు ఇకపై ఏదైనా హద్దుల గ్రాఫ్ చూస్తే, అడ్డంగా ద్రవ్యరాశి, నిలువుగా జీవితకాలం ఉంటాయి. హద్దు రేఖకు కింద ఉన్నదంతా కొట్టివేసిన ప్రాంతం. ముందుగా అది ఏ క్షయం దారికి గీసిందో చూడండి. బాటమ్ క్వార్కులకు గీసిన హద్దును న్యూట్రినోలుగా మాత్రమే విడిపోయే మోడల్‌కు పెట్టకూడదు, అక్కడ గామా కిరణాలు చాలా బలహీనంగా ఉంటాయి, న్యూట్రినో టెలిస్కోపులే మేలు. తర్వాత నేపథ్యాన్ని ఎలా తీసుకున్నారో చూడండి. నేపథ్యం ఏదీ తీసేయకుండా, వచ్చిన కాంతి మొత్తం డార్క్ మ్యాటర్‌దే అయినా ఇంతకు మించదు అని పెట్టిన హద్దు బలహీనం, కానీ చాలా నమ్మదగినది. బ్లేజార్లు, గెలాక్సీ కాంతి అన్నీ తీసేసి పెట్టింది పదింతలు బలంగా ఉండొచ్చు, అయితే ఆ బలం మోడల్స్ మీద పెట్టిన నమ్మకం నుంచి వస్తోంది. మంచి పేపర్లు రెండూ ఒకే గ్రాఫ్‌లో గీస్తాయి. ఒక్కటే గీసినచోట, అది రెండింటిలో ఏదో తెలుసుకున్నాకే ఏ సిద్ధాంతం పోయిందో లెక్కపెట్టండి.